తోక కట్టినంక బొడ్రాయి దాకా

సాయవ్వకు ఆ పొద్దు ఏడుపొక్కటే తక్కువ అనుకో. ఆమె మొగడు బుగ్గయ్య పీర్ల పండుగకు పులి ఏషం కట్టేటోడు, గాండ్రిస్తే తొట్టెల్ల పిల్లలు లేశి ఏడ్సేటోళ్లంట. గసొంటోడు కరోనా వచ్చి, దవాఖాన్ల పడి, బతికొచ్చిండు గానీ గడప దాటితే ఆయాసం. లాక్‌డౌన్ నడుస్తుండె, దుకాండ్లన్నీ బంద్. డాక్టరు ఫోన్ల ఏమన్నడంటే, పండుకునే ఉంటే ఊపిరితిత్తులు పట్టేస్తయమ్మా, పొద్దుగాల గాలికి మెల్లగ నడిపియ్యి, రోజు ఇంకింత దూరం నడిపియ్యి, మందిని మాత్రం దగ్గరికి రానియ్యకు అన్నడంట.

సరే అని బయటికి తెచ్చింది. తెస్తే ఏమైందంటే, వాడకు వాడ ఉరికొచ్చె! ప్రేమ గదా మరి. ఒకామె రెక్క పట్టె, ఒకాయన కషాయం తెచ్చె, మాస్కులన్నీ గదుమ కిందనే ఉండె. "దూరముండుండ్రి, మీ కాళ్లు మొక్కుత" అని సాయవ్వ ఒర్రితే, "మనోడే గదనే, మనోనికాడ దూరమేంది?" అనుకుంట ఇంకింత మీదికొచ్చిండ్రంట. బుగ్గయ్య దగ్గుకుంట లోపటికొచ్చి మంచంల ఒరిగిండు. నాతోని ఎవలకన్న అంటితే ఆ పాపం నేను మొయ్యలేనే, నేను నడువ అన్నడు. గోడదిక్కు తిరిగి పండినోడు లేస్తనే లేడు. సాయవ్వకు పానం పోయినట్టయింది.

ఇగ జూడుండ్రి, ఆమెకేం తోచిందో, అటుక మీదికెళ్లి ఏషానికి కట్టే పులి తోక దించింది. మనూరి కట్టడి ఎర్కనే గదా. పులి తోక ఎవలకు తాకితే ఆ పండుగకు వాళ్లే మేక ఏషం కట్టాలె. ఆ మేకను పులి పండ్లతోటి పట్టి నడివాడల ఎత్తి పడేస్తది. అందుకే తోక కనబడితే ఎంతటోడైనా యెనుకకే. సాయవ్వ మొగని నడుముకు తోక కట్టి, "లేవు, ఇప్పుడెవడొస్తడో చూస్త" అన్నది.

బయటికొచ్చిండ్రు. నిజమే, వాడంత గోడలకు అతుక్కపోయింది. సాయవ్వ నవ్వింది. నవ్విందా, అప్పుడు యాదికొచ్చింది అసలు సంగతి. తోక కట్టిన పులి బొడ్రాయికి మొక్కినంకనే తోక విప్పాలె, నడుమల విప్పితే ఊరికి అరిష్టం. ఊరిని కాసే బొడ్రాయేమో ఊరి నడిబొడ్డున, మూడు వాడల అవతల! "అయ్యో, నా నోట్ల మన్నువడ, మర్షేపోతి. విప్పుత ఆగయ్యా" అని చెయ్యి పెట్టవోతే, బుగ్గయ్య తల అడ్డం ఊపిండంట. కట్టినవు గదనే, పోవాలె అన్నడు.

పోయిండు. రెండడుగులేసుడు, నిలవడుడు. రెండడుగులేసుడు, నిలవడుడు. ఊరంత చూస్తనే ఉన్నది, పట్టుకుందామంటే తోకాయె. అప్పుడు రాధవ్వని ఒకామె ఏంజేసిందంటే, స్టూలు తెచ్చి నడిబజార్ల పెట్టి, పక్కన చెంబుల నీళ్లు పెట్టి, మల్ల పోయి తన గడపల నిలవడ్డది. బుగ్గయ్య కూసున్నడు, ఊపిరి తీసుకున్నడు, లేశిండు. ఆమె వచ్చి స్టూలు మీద సబ్బునీళ్లు గుమ్మరిచ్చి కడిగింది. అది చూసి అవతలింటోళ్లు కుర్చీ, ఆ అవతలోళ్లు పీట, ఇంకొకలు బోర్లేసిన గంప. పెట్టుడు, యెనుకకు పోవుడు. ఎవలు చెప్పలే, ఎవలు అడగలే. బొడ్రాయి కాడ బుగ్గయ్య మోకాళ్ల మీద వంగి తల ఆనిస్తే, దూరంగ తన అరుగు మీదికెళ్లి డప్పు లింబయ్య ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టిండు. ఎక్కడోళ్లక్కడ్నే చేతులు జోడిచ్చిండ్రు. సాయవ్వ ఆయనెంట ఎడంగ నిలవడి బొరబొర ఏడ్సింది. వచ్చేటప్పుడు గూడ గవే స్టూళ్లు, గవే పీటలు.

రోజు అట్లనే నడిచిండు. రోగం పోయి మల్ల పండుగ రానే వచ్చె, బుగ్గయ్య ఒంటికి రంగేసుకున్నడు. మరి మేకెవరు? తోక ముందుగాల తాకింది కట్టినామెకే గదా అని ఊరంత ఒక్కటే మాట. ఆడమనిషి మేకెట్లయితదని పెద్దలు గునుస్తుంటే, సాయవ్వే కొట్లాడి కొమ్ములు కట్టుకున్నదంట. మొగనితోని ఏమన్నదంటే, నన్ను ఎత్తకున్నా మంచిదే, ఒక్కపారి గాండ్రించు, వింట అన్నది. ఆయన గాండ్రించిండు. తొట్టెల్ల పిల్లలు లేశి ఏడ్సిండ్రు. మేక బెదరాలె గదా, ఈ మేక కండ్లు తుడుసుకుంట నవ్వుతున్నది.

ఇగ అయిపోయింది, లేవుండ్రి. ఒకల మీద ఒకలు పడకుంట లేవుండ్రి, తోక అటుక మీదనే ఉన్నది.