పది లక్షల మీటరు

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి, నాచారంలో మా పక్కింటి మొగుడూ పెళ్లాల గొడవ చెబుతాను. మోకాళ్ల నొప్పితో క్లచ్ తొక్కలేక ఆయన తన లారీని అమ్మకానికి పెట్టాడు. మీటరు చూసి ఇద్దరు వెనక్కి పోయారు. ఇంకొకాయన సాయంత్రం వస్తాడనగా, లారీలోంచి మొగుడు అరిచాడు.

“ఏమే! పది లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి నాలుగు లక్షలే సూపిస్తున్నదేంది?”

“మల్లాపూర్ మెకానిక్‌తోని నేనే మీటరు ఎనక్కి తిప్పిచ్చిన. పది లక్షలంటే ఎవడు కొంటడు?”

“ఇంజన్ సప్పుడు ఇనమను! టైముకు ఆయిల్ మార్చిన, ఓవర్‌లోడ్ ఎన్నడెయ్యలే. ఇంకో మూడు లక్షలు ఉరుకుతది.”

“నీ ఇంజన్ పురాణం ఇనేటందుకు వాళ్లేమన్న హరికథకు వస్తున్రా?”

“మరి ఆ ఆరు లక్షల కిలోమీటర్లు నేనేడ తిరిగినట్టు?”

“నాకేమెరుక? బిడ్డ పుట్టిననాడు నాగ్‌పూర్‌ల ఉంటివి. మా అవ్వ సచ్చిననాడు బళ్లారిల ఉంటివి. ఆ ఆరు లక్షలు పోతే నాకేం నష్టం?”

“అవి నువ్వొక్కదానివే ఇల్లు ఎల్లదీసిన దినాలు గూడ. ఎట్ల తుడుస్తవే?”

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

“నీతోని సస్తున్న! పా, మెకానిక్ దుకాణం మూయకముందే ఆ ఆరు లక్షలు మళ్ల ఎక్కిద్దాం.”

“అమ్ముడు పోకుంటే?”

“వాకిట్ల ఉంటది. ఇన్నేండ్లు నువ్వు లేకుంటనే ఉన్న, బండి ఉంటే ఉండలేనా?”

పాత బండి కొనబోయేవాళ్లు ఎదురుపడితే మరవకుండా ఈ కథ చెప్పండి. మీటరు తర్వాత చూడొచ్చు, ముందు నడిపినాయనతో మాట్లాడమనండి.