చివరి గడి

తలుపెందుకు వేస్తావు సర్వే అమ్మాయ్? తియ్యి, బార్లా తియ్యి! కాగితాలు పట్టుకొచ్చినవాళ్లు తలుపు వేస్తే నాకు ఊపిరాడదు.

ఏమిటీ, నాయకుడి మీద నమ్మకం పదికి ఎంతా? నన్నా అడుగుతున్నావు! చినుకు పడితే సముద్రం పొంగిందనే రకాన్ని నేను. నా నోట పది వస్తే రెండని రాసుకోవాలి.

నవ్వకు. ఈ నోరే మా ఆయన కొంప ముంచింది. క్షవరాల కొట్టు ఆయనది. కుర్చీ చల్లబడేది కాదు. రోజుకి లక్షమంది వచ్చేవాళ్లు. సరేలే, పాతికమంది.

ఓట్లూ గీట్లూ లేని రోజులవి. ఒక్కడే నాయకుడు, చచ్చేదాకా వాడే. ఇలాగే ఒకాయన ఫారం పట్టుకొచ్చి, తలుపు వేసి, "మీ ఆయనకి నాయకుడంటే అభిమానమేనా?" అన్నాడు. పొయ్యి మీద పాలున్నాయి. ఈ ఫారం మనిషి కదిలితే చాలురా భగవంతుడా అని, "అభిమానమా! నాయకుడి ఫొటోకి దణ్ణం పెట్టందే కత్తి పట్టడు, నిద్దట్లోనూ జేజేలే" అనేశాను. మా ఆయనకి ఆ నాయకుడికి మీసం ఉందో లేదో కూడా తెలీదు తల్లీ!

పాలు పొంగలేదు. వారం తిరక్కుండా మా ఆయన్ని వీధి పెద్దని చేశారు. ఎవరేమంటున్నారో రాసి పంపాలట. వద్దంటే ఊరుకుంటారా?

ఇప్పుడు నువ్వే చెప్పు, పేర్లు రాసేవాడి కత్తి కింద ఎవడు మెడ పెడతాడు? ఒక్క పేరూ రాయలేదమ్మా ఆయన. నెలనెలా "అందరూ క్షేమం" అనే పంపాడు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. అయినా ఎదురింటావిడ కొడుకుని పట్టుకుపోయిన రోజు వీధి వీధంతా మా గుమ్మం వైపే చూసింది.

తర్వాత ఆ నాయకుడూ పోయాడు, ఓట్లూ వచ్చాయి. కొట్టుకి మాత్రం ఎవరూ రాలేదు. పదకొండేళ్లు ఆ అద్దం ముందు తన గడ్డం తానే గీసుకున్నాడు. "నన్నే ఎందుకు ఎంచుకున్నారే?" అని అడిగేవాడు పాపం. "ఏమో" అనేదాన్ని. పోయేదాకా ఏమో అనే అన్నాను.

ఏమిటా చివరి గడి? 'చెప్పలేను' అనా? అలాంటిది కూడా పెట్టారూ! ఆ రోజు ఫారంలో అది లేదే...

అక్కడే టిక్కు పెట్టు. పెట్టి, గుమ్మంలో నిలబడి గట్టిగా చదువు. అదిగో, ఎదురింటావిడ కిటికీలోంచి చూస్తోంది. ఈ ఇంట్లోంచి ఎవరి పేరూ బయటికి పోలేదంటే నమ్మదులే. అయినా చదువు.