పోగు దొరకని వేళ్లు

అట్ల గుచ్చి గుచ్చి అడగద్దు డాక్టరమ్మా! తిమ్మిర్లేమీ లేవని పోయినతూరే చెప్పినా కదా?

ఏం, నా కాళ్లెందుకు చూస్తాండావు? అయ్యో... ఒక చెప్పేనా ఉండేది! ఇంకోటి యాడ జారిపాయనో! బస్టాండు నుంచి ఈడిదాకా ఎండలో నడిచొస్తి. కాలికి తెలీనే ల్యా.

సరే, ఇంకేం దాచేది? మా ఆయన టీ తాగను పోయినాడు. ఆయప్ప వచ్చేలోపల చెప్పేస్తా.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. తెగిన పోగును కండ్లు మూసుకోని అతికేదాన్ని. మా అత్త మద్దమ్మ ఊరికే ఎవురినీ మెచ్చుకునే మనిషి కాదు. ఆమే అంటాండె, "మా రాజేశ్వరి వేళ్లకు కండ్లుండాయి" అని.

రొమ్ములో గడ్డ తీసినాక నువ్వు ఎక్కిస్తాండావే, ఆ మందు పడినప్పటి నుంచి వేళ్ల కొసల్లో చీమలు పాకినట్లుండె. రాన్రాను ఆ చీమలూ పాయ. ఇప్పుడు వేళ్లకు గుడ్డ చుట్టినట్లుండాది. పోగు పట్టుకున్నానో లేదో తెలీదు. రవిక గుండీలు కూడా ఆయప్పే పెడతాడు. నవ్వద్దు!

ఎందుకు చెప్పల్యా అంటావా? పక్క మంచం ఈరక్క చెప్పింది, తిమ్మిరంటే మందు తగ్గిస్తారని. తగ్గిస్తే గడ్డ మళ్లా రాదా? వేళ్లు పోతే పోనీ, పానం నిలిస్తే చాలనుకుంటి.

మొన్న మా కూతురు మధులత, తన బిడ్డకు నీళ్లు పోసి తువ్వాలలో చుట్టి నా చేతికిచ్చింది. అది బోసినోరు తెరిచి నవ్వింది. నేను దాని మొగమే చూస్తాండా. గట్టిగా పట్టుకోనుండాననే అనుకుంటాండా. "అమ్మా!" అని మధు అరిచేదాకా బిడ్డ జారిపోతాండాదని నాకు తెలీల్యా! మధు ఎగిరొచ్చి అందుకునింది కాబట్టి సరిపాయ. ఈ సంగతి ఆయప్పకు ఇంకా చెప్పల్యా.

ఆపొద్దు నుంచి బిడ్డను ఎత్తుకోల్యా. కాళ్లకాడ పడి ఏడ్చినా ఎత్తుకోల్యా. "ఏమ్మా, మనవరాలు చేదైపాయనా?" అంటాది మధు. ఏం చెప్పేది?

ఏమంటాండావు... మోతాదు తగ్గించి చూద్దామా? మరి గడ్డ? చెప్పలేవు. వేళ్లకు తెలివొస్తాదా? అదీ చెప్పలేవు. శానా బాగుండాది! కానీలే, తగ్గించు. బతకాలనే ఉండాది తల్లీ, ఆ బిడ్డను ఎత్తుకోని బతకాలని ఉండాది. రెండూ అడిగితే ఆశపోతుదాన్నా నేను?

ఇంగ నువ్వు కండ్లు తుడుచుకోవాకు. అరే, నా చెయ్యి పట్టుకోనుండావా?

ఎంతసేపటి నుంచి?