కూర్చుంటే కుదిరినట్టే అనుకున్నాను

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మన గని మేనేజరు రాజేశ్వరరావు గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ బచేలి టౌన్‌షిప్‌లో ముప్పై ఒక్క ఏళ్లు నన్ను భరించిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న మా ఆవిడ జయకు నమస్కారాలు. "చక్రధరరావు చెయ్యి పడితే ఏ బోర్డూ పాడవదు" అని ఇందాకటి నుంచి మీరు పొగుడుతుంటే తలెత్తలేకపోయాను. (నవ్వులు) అది వినయం కాదండీ, సిగ్గు.

ఏడేళ్ల కిందట మన వర్క్‌షాపులో ఒకే బేస్ బోర్డు ఉండేది. యంత్రాలను నడిపే ఏ కంట్రోలర్ మాడ్యూలునైనా దాని సాకెట్లో పెట్టి, పరీక్షించి, గని మీదికి పంపేవాళ్లం. పాతరకం దొరకడం మానేశాక కొత్తవి వచ్చాయి. సాకెట్లో దిగే అవే నలభై పిన్నులు, మేం కాళ్లనేవాళ్లం, అదే కొలత. సాకెట్లో చక్కగా కూర్చున్నాయి. బాసగూడ నుంచి వచ్చిన మంగి అప్పుడు మా కాంట్రాక్టు టెక్నీషియన్. మాడ్యూలు వివరాల కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"సార్, కూసుంటది గాని కుదరదు. మన బోర్డు ఈ కాలుకు ఐదు వోల్టులిస్తది. కొత్తది మూడుంపావు దాటితే తట్టుకోదు. నడుమ చిన్న బోర్డొకటి కట్టి తగ్గిద్దాం, రెండు రోజులాగుండ్రి."

"పరీక్షలో పాసైందా, లేదా?"

"ఇయ్యాల పాసైతది సార్. రేపు ఏందో చెప్పలేం."

పదిమంది ముందు నాకు పాఠం చెబుతోందనిపించింది. "నీ పని పెట్టడం, అంతే" అని కసిరి, ఆ కాగితం మీదే 'సరిపోతుంది' అని రాసి సంతకం చేశాను.

పదకొండో రోజున, లోడింగ్ బెల్టు కదిలే ముందు మోగాల్సిన సైరన్ మోగలేదు. దాన్ని నడిపే కొత్త మాడ్యూలు, మంగి భయపడినట్టే, కాలిపోయింది. బెల్టు కింద రాళ్లు తీస్తున్న బుధ్రాం ఎడమచెయ్యి... బుధ్రాం భాయ్, లేవకండి, కూర్చోండి. నిన్న వాళ్లింటికి వెళ్లి ఇదంతా చెప్పాను. అయినా ఇవాళ వచ్చారు.

విచారణలో "మాడ్యూలు పెట్టిందెవరు?" అని అడిగారు. "మంగి" అన్నాను. అబద్ధం కాదు, పెట్టింది ఆమే. పెట్టమన్నదెవరో వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. వారంలో ఆమెను పంపేశారు. మరుసటి ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది. జయా, ఆ మిఠాయిలు నువ్వే పంచావు. నీకూ చెప్పలేదు.

పోయిన నెల తోంగ్‌పాల్ వెళ్లాను. అక్కడ మంగి బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేస్తోంది. క్షమించమన్నాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే అంది: "మాఫీ నేనేం జేసుకోను సార్? ఆ రిపోర్టుల నా పేరున్నది. అది తీపియ్యుండ్రి."

అందుకే, తప్పు నాదని, రిపోర్టులోంచి ఆమె పేరు తీసేయమని ఈ ఉత్తరం రాశాను. పొద్దున చూపిస్తే అధ్యక్షుల వారు మంచి మనసుతోనే, "ఇవాళ వద్దులెండి, శాలువా కప్పించుకుని హాయిగా వెళ్లండి" అన్నారు. రాజేశ్వరరావు గారూ, శాలువా ఉండనివ్వండి. ఇది తీసుకోండి. అందినట్టు ఈ నకలు మీద సంతకం చేసి, తేదీ వేయండి. రేపు మొదటి బస్సుకు మంగికి తీసుకెళ్లాలి.

(రాజేశ్వరరావు గారు కళ్లజోడు వెతుక్కుని, ఉత్తరం మొత్తం చదివి, సంతకం చేశారు.)

కృతజ్ఞుణ్ణండీ. నా మాట ఓపిగ్గా విన్న మీ అందరికీ కూడా. ఇక సెలవు.