అడిగినోనికి ధర చెప్పాలె

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు ఈ పక్క గంపెడు మార్ట్, ఆ పక్క ఇంటింటి బజార్. దసరా ముందు ఒక పొద్దున. గంపెడు మార్ట్ బిల్లు కౌంటర్‌లో సునంద, ఆమె ముందు తాత జానయ్య.

"నీ కాల్మొక్త తాతా, ఇయాల ఒక్కనాడు పో."

"పోత బిడ్డా. నూనె పాకిటెంతనో చెప్తే పోత."

"గోడకు ఇంతంత అక్షరాలతోని రాసి లేదా?"

"రాసినోనికి ఎరుక అది. నాకేం ఎరుక? నువ్వు నోటితోని చెప్పు."

"డెబ్బై రెండు. అయిపాయెనా? పో."

"నిన్న డెబ్బై నాలుగుండె గద."

"నిన్నటిది నిన్ననే పాయె. ఇయాల తగ్గిచ్చిన్రు."

"ఆ పక్కోళ్ళు డెబ్బై మూడు చేసిన్రు. అందుకని మీరు రెండు చేసిన్రు. అంతేనా?"

"మెల్లగ, తాతా! సారు లోపల్నే ఉన్నడు."

"ఉంటే ఉండనియ్యి. నేనేమన్న దొంగతనానికొచ్చిన్నా? సామాను కొననీకొచ్చిన. మీ అమ్మ నూనె తెమ్మన్నది."

"ఎప్పుడు తెమ్మన్నది? పొద్దుగాల. అప్పటి సంది ఈ పక్కకెల్లి ఆ పక్కకు, ఆ పక్కకెల్లి ఈ పక్కకు. ఆ రోడ్డు మీద లారీలు ఎట్లొస్తున్నయో చూస్తున్నవా? పాణం పోతది ఒకనాడు. అక్కా, మీది నూట నలభై, చిల్లరుంటే ఇయ్యిన్రి. ఏంది తాతా, ఇంకా ఈన్నే ఉన్నవా?"

"ఎద్దును గొంటే నోరు తెరిచి పండ్లు సూస్తం. దీనికి ఏం సూడాలెనే? ఏ పాకిటు మీద సూసినా ఒక్కామెనే నవ్వుతది."

"ఏదో ఒకటి తీస్కో. రూపాయి ఫరక్‌కు ఇంత ఫికరా?"

"రూపాయి ముచ్చట కాదు. ఆడ సల్లగుంటది, మీకాడ ఉక్కవోస్తది. ఆడ బియ్యంల చెయ్యి వెట్టనిస్తరు, పిడికెడు నోట్లేస్కున్నా ఏమనరు. మీరు సంచికి కుట్లేసి పెడ్తరు, లోపల నూకలున్నయో రాళ్ళున్నయో దేవునికెరుక. గని కొత్తిమీర మీదే మంచిది. ఆళ్ళు దాని మీద నీళ్ళు గొట్టి గొట్టి సంపుతరు. చిల్లర కాడ మాత్రం ఇద్దరూ ఒక్క తల్లి పిల్లలే. రూపాయి ఇయ్యమంటే చాక్లెట్ చేతుల వెడ్తరు. నా నోట్ల పండ్లున్నయా?"

"అయితే ఆన్నే కొనుక్కో. ఆన్నే ఉండు. ఈడికి రాకు."

"ఎందుకే గట్లంటున్నవ్? కండ్లెర్రగున్నయి. ఏడ్చినవా?"

"లేదు."

"ఏడ్చినవ్."

"ఉల్లిగడ్డల దుమ్ము."

"ఉల్లిగడ్డలు ఆ మూలకున్నయి, నువ్వీడున్నవ్. ఎవలేమన్నరు?"

"ఇంట్ల చెప్తవా?"

"చెప్ప."

"నీ నోట్ల నువ్వుగింజ నానదు తాతా."

"చెప్పనంటి గద. ఏమాయె?"

"నా కొలువు పోతట్టున్నది."

"ఏం చేసినవ్?"

"ఏం చేయలే! అదే కద బాధ. మా ధరలు ఎవలో ఆ పక్కోళ్ళకు మోస్తున్నరట. పొద్దున మేము ఒక ధర వెడ్తం, పగటి వరకు ఆళ్ళు దానికి రూపాయి తక్కువ వెడ్తరు. రోజూ గిట్లనే. ఇది లోపలి మనిషి పనే అంటడు మా మహేశ్వర్ సారు."

"లోపలి మనిషెవలు?"

"నేనేనట! ఆడ నా దోస్తు తిరుమల చేస్తది గద, మేమిద్దరం యాచారం నుంచి ఒక్కటే ఆటోల వస్తం. ఆటోల దానికి చెప్తున్ననట. సాయంత్రం వరకు ఒప్పుకోకుంటే రేపటి సంది రావద్దన్నడు."

"ఒప్పుకుంటే?"

"ఒప్పుకున్నా రావద్దంటడు!"

"గదేం నాయం?"

"ఈ కొలువు పోయిందంటే బాపు మల్ల రాయపోల్ సంబంధం ముంగటేస్తడు. ఎంత బతిలాడితే ఒక్క యేడాది ఆగుతనన్నడు? డిగ్రీకి నా జీతంతోని కట్టుకున్న. ఇంకా పరీక్షలు గూడ రాయలే తాతా."

"ఎవడాడు? ఆడపిల్ల కడుపు మీద కొట్టేటోడు ఎవడాడు? వాని నాలికె పడిపోను! వాని నోట్ల మన్ను వడ!"

"మెల్లగ మెల్లగ..."

"దొరకనియ్యి. ఈ కట్టెతోని కాళ్ళిరగ్గొడ్త."

"నాకు అర్థం గానిది ఒక్కటే. మేము ధర మార్చి జరసేపు గూడ కాదు. అంతట్లనే ఆళ్ళకెట్ల ఎరుకైతది?"

"ఎరుక గాకేం? నేను చెప్త గద."

"ఏందీ?"

"నేను చెప్త. ధర్మేందర్ అడుగుతడు, చెప్త."

"ధర్మేందరెవలు?"

"ఆడ తలుపు కాడ టై కట్టుకోని ఉంటడు సూడు. మంచోడు. నన్ను సూడంగనే కుర్సీ ఏపిస్తడు, చాయ్ తాపిస్తడు. 'కాకా, ఆ పక్కకెల్లి వస్తున్నవా, నూనెంతున్నది, పప్పెంతున్నది' అంటడు. ఎంతుంటే అంత చెప్త."

"ఆయన ఆళ్ళ మేనేజర్ తాతా!"

"అయితే కానియ్యి. మేనేజరైతే అడగద్దా?"

"అయ్యో... అయ్యో తాతా..."

"ఏమైందే? అంగడికెల్లి వచ్చేటోన్ని తొవ్వల ఎదురైనోడు ధర అడుగుతడు. నిలబడి చెప్పాలె. చెప్పకపోతే మనిషేనా? మా నాయిన ఎడ్లను తోలుకొస్తుంటే ఊరు వచ్చేదాక అడిగినోనికల్ల చెప్పుకుంట వచ్చేటోడు. దాసిపెడ్తే, వాడు తెల్లారి అంగడికి పోయి మునిగిపోడా?"

"ఇది ఎడ్ల అంగడి గాదు!"

"అంగడి అంగడే."

"తాతా, జరంత ముందుగాల ఎవని నాలికె పడిపోవాలన్నవ్?"

"గది దొంగలకన్న. నేను దొంగనా?"

"పో. సప్పుడు జెయ్యకుండ ఇంటికి పో. నూనె నేను తెస్త."

"ఎందుకు పోవాలె? నువ్వు గాదు, నేనని మీ సారుకు చెప్తే అయిపోతది గద. నీ కొలువు నీకుంటది."

"వద్దు! నువ్వు మా తాతవని తెలిస్తే నేనే నిన్ను పంపిస్తున్ననంటడు. వద్దు తాతా, నా మాటిను..."

"సారూ! ఓ సారూ! జర ఇటు రా!"

"ఏంది సునందా, ఏం లొల్లి? లైన్ల ఎంతమంది నిలబడ్డరో కనబడ్తలేదా?"

"ఏం లేదు సార్. ఈ పెద్దాయన పోతున్నడు."

"పెద్దాయనేందే? తాతను గానా? సారూ, ఇది నా మనుమరాలు. నా కొడుకు బిడ్డ. నీ పేరు మహేశ్వరేనా? ఏ ఊరు మనది?"

"తుక్కుగూడ. ఎందుకు?"

"తుక్కుగూడల ఎవల పిలగానివి?"

"పెద్దాయనా, నాకు పనున్నది. ఏం గావాలె?"

"మీ ధరలు ఆ పక్కోళ్ళకు చెప్పేది నేనే. పిల్లనేమనకు."

"ఏందేందీ?"

"ధర్మేందర్‌కు చెప్త. ఒక్క ధర్మేందర్‌కేనా, బస్టాండు కాడ కంకులు కాల్చే సంతోషమ్మకు చెప్త, ఆటోలోళ్ళకు చెప్త, అడిగినోళ్ళందరికి చెప్త. నువ్వెన్నడు అడగలే గని, అడిగితే నీకూ చెప్పకపోదునా?"

"సునందా, సాయంత్రం దాక ఎందుకు? గల్లాపెట్టె తాళాలియ్యి."

"సార్, నాకు నిజంగ ఎరుకలేదు సార్! ఇప్పుడే తెలిసింది!"

"ఈయనకు నువ్వు చెప్పకుండనే తెలుస్తున్నయా? పెద్దాయనా, నీకు చదువొచ్చా?"

"రాదు. వస్తే దీన్నెందుకడుగుత?"

"చూడు సునందా! ఈయనకు నువ్వే చెప్తున్నవ్."

"ధరడిగిన గిరాకికి చెప్పద్దా సార్? ఎవరడిగినా చెప్త. అది నా పనే గద?"

"గిరాకి వేరు, ముచ్చట్లు మోసేటోడు వేరు. ఈయన ఏనాడన్న ఏమన్న కొన్నడా మనకాడ?"

"కొనకేం? మొన్న ఉప్పు గొంటి."

"ఉప్పట!"

"అవ్, మీ ఉప్పు తిన్న. అందుకే మీదే అగ్గువ అని పదిమందికి చెప్పుకుంట తిరుగుతున్న."

"నువ్వు చెప్పుకుంట తిరుగుడుకే మేము మునుగుతున్నం! మీర్‌పేట్‌ల దుకాణం వెడ్తె ఆళ్ళూ ఎదురుంగ వెట్టిరి. తుర్కయంజాల్‌ల వెడ్తె ఆడా ఎదురుంగనే. ఈడనన్న జర నిలబడ్తమనుకుంటే, మేము రూపాయి దిగుడు, ఆళ్ళు రూపాయి దిగుడు. ఇంకెంత దిగాలె? బావిలకా?"

"దిగితే మంచిదే గద సారూ. ఊరంత నూనె తింటున్నది."

"మా సేటు నన్ను తింటున్నడు!"

"సార్, ఒక్క మాటంట. మొన్న ఆళ్ళు చక్కెర తగ్గిచ్చిన ముచ్చట మనకు తొల్త తెలిసింది గద. మీరు శబాష్ అన్నరు నన్ను."

"అంటే?"

"అది మా తాతనే వచ్చి చెప్పిండు సార్. నేను మీకు చెప్పిన."

"నువ్వా పెద్దాయనా?"

"నేనే. ఆళ్ళది మీకు చెప్తి, మీది ఆళ్ళకు చెప్తి. ఒకల దిక్కు మాట్లాడుతనా నేను?"

"గది... గది వేరే ముచ్చట. ఇగ బంద్ చెయ్యి. రేపటి సంది ఈ మెట్లెక్కద్దు. ఒక దుకాణం ధర ఇంకో దుకాణంల చెప్పుడు తప్పు. తెలిసిందా?"

"తప్పా?"

"పెద్ద తప్పు."

"ఈ ఈడుకొచ్చిన, ఎవలూ గిట్ల చెప్పలే నాకు. సరే సారూ, నువ్వు సదువుకున్నోనివి. తప్పంటే తప్పే. ఇగ సచ్చేదాక ఒక దుకాణం ధర ఇంకో దుకాణంల చెప్ప. ఒట్టు. మరి పిల్ల కొలువు?"

"పిల్ల గూడ రావద్దు. తాళాలియ్యి సునందా."

"సార్..."

"ఇయ్యమన్ననా?"

"ఇచ్చెయ్యి బిడ్డా. ఏడ్వకు. అందరు సూస్తున్నరు. నీ సంచేది? దా పోదాం."

"ఇంట్ల ఏమని చెప్పాలె తాతా? బాపుకు ఏమని చెప్పాలె?"

"నేను చెప్త."

"నువ్వు చెప్పకు! నువ్వింక ఎవ్వలకేం చెప్పకు!"

"సరే చెప్ప. కండ్లు తుడుసుకో. జర సూసి దాటాలె, ఆ పక్కంత జనమే. ఆళ్ళ దుకాణం ముంగట నిచ్చెనేసుకోని మన బుగ్గయ్య దసర బోర్డు రాస్తున్నడు గద, కింద మస్తు మంది మూగిన్రు."

"ఆగాగు. దసర బోర్డా? ఏం బోర్డు?"

"నూనె, కందిపప్పు, చక్కెర మూడు కలిపి ఒక్కటే సంచి జేస్తరట సారూ. సంచి బొమ్మ గూడ ఏసిండు బుగ్గయ్య. మంచిగేసిండు."

"ఎంతకట?"

"ధర కాడ గుడ్డ కప్పిన్రు. రేపు పొద్దున తీస్తరట."

"మరి ధర నీకెరుక లేదా?"

"ఎరుకనే. బుగ్గయ్య మా ఊరోడు గద, అడిగితే చెప్పిండు. పోదాం దా బిడ్డా."

"పెద్దాయనా, ఎంతట?"

"మంచి ధరనే."

"మంచి ధరంటే ఎంత?"

"సారూ, ఇప్పుడేగద ఒట్టు వెట్టుకుంటి."

"ఆళ్ళకు మాది చెప్పుడు తప్పు. మాకు ఆళ్ళది చెప్తే ఏం తప్పు?"

"గదెట్ల? ఒక్క నోటికి రెండు నాయాలుంటయా?"

"సామాను దసరకు ముందే తెప్పియ్యాలె పెద్దాయనా, ఇయాలనే లారీకి చెప్పాలె. ఆళ్ళ సంచి ఎంతనో ఎరుక లేకుంటే నేనేం ధర వెట్టాలె? మా సేటు నన్ను కూడ తాళాలియ్యమంటడు. నాకూ పిల్లలున్నరు."

"అయ్యో పాపం. ఎంతమంది?"

"ఇద్దరు. ఓ, ఎవలన్న ఒక కుర్సీ తేండ్రి ఈడికి! చాయ్ తాగుతవా?"

"ఆడ తాగిన."

"ఇంకోటి తాగు. సునందా, ఏం నిలబడ్డవ్? ఇగో తాళాలు, తీస్కో."

"నిజంగనా సార్?"

"నిజమే అమ్మా. నీ తప్పు లేదని తేలింది గద. రేపు రా, ఎల్లుండి రా, దసర బోనస్ గూడ ఇప్పిస్త. కౌంటర్ల కూసో. పెద్దాయనా, నీ ఒట్టు నా మీద ఏస్కుంట, ఇగ చెప్పు."

"కూసోకు బిడ్డా, జర ఆగు. ఆ పక్కకు పోయి, ఆళ్ళైతే నీకు నెలకెంతిస్తరో అడిగొస్త."