పాటే గడియ

పై వాటాలో స్నానాల గది తలుపు ముందు ముగ్గురు: ఇల్లుగలాయన, ఆయన భార్య, పోయిన వారమే అద్దెకు దిగిన టీచరమ్మ.

"గడియ పడదని ఎవరన్నారు టీచరమ్మా? పడుతుంది. దానికో ఒడుపుంది. తలుపు కాస్త పైకెత్తి, మోకాలితో ఒక్క పోటు పొడిచి, అప్పుడు..."

"పడలేదంకుల్."

"ఆగమ్మా, ఇంకోసారి. ఆఁ, ఇదిగో... అబ్బా, మోకాలు!"

"మెల్లగా అండీ. తలుపైతే కొత్తది దొరుకుతుంది."

"నువ్వూరుకో. చూడమ్మా, అసలు గడియతో పనేముంది? లోపలున్నంతసేపూ ఓ పాట అందుకుంటే సరి. మనిషున్నట్టు బయటివాళ్ళకి తెలుస్తుంది. మా ఇంట్లో ఎప్పుడూ అంతే."

"మా మామగారికి పాటలు రావంకుల్."

"దగ్గొచ్చుగా?"

"స్నానమయ్యేదాకానా?"

"సరే, సరే. దీనికో గడియ. ఇంకేంటి?"

"వంటింట్లో స్విచ్చు ముట్టుకుంటే షాక్ కొడుతోంది."

"షాకా? జిల్లుమంటుందంతే. మేం ఈ పై వాటాలో ఉన్నప్పుడు మీ ఆంటీ చెక్క గరిటెతో నొక్కేది. చెప్పవే."

"నొక్కేదాన్ని."

"విన్నావా? ఆ వంటింట్లో అన్నేళ్ళు వండింది, ఒక్క మాట అనలేదు."

"అన్నాను."

"ఎప్పుడన్నావ్?"

"మీరు పేపరు చదువుతున్నప్పుడు."

"పేపరప్పుడు అన్నవి లెక్కలోకి రావు."

"అంకుల్, మావారు ఇంకో ఇల్లు చూద్దామంటున్నారు..."

"అయ్యయ్యో, అంత మాటనకమ్మా! ఇల్లు అద్దెకివ్వడం నీ వల్ల కాదురా, దిగినవాళ్ళు నెల తిరక్కుండా పారిపోతారని మా బావ నలుగురిలో అన్నాడు. వాడి మాట నిజం చేస్తావా? స్విచ్చు రేపే మార్పిస్తా. చాలా?"

"ఇంకోటుంది. చెప్పాలంటే మొహమాటంగా ఉంది."

"మా దగ్గర మొహమాటమేంటి? చెప్పు."

"తెల్లారకముందే ఏదో మోత. కింద నుంచి గొట్టంలోంచి వినిపిస్తోంది. మా చంటిది ఉలిక్కిపడి లేచి, ఇక చచ్చినా పడుకోదు."

"అది మా ఆవిడమ్మా! కింద స్నానం చేస్తూ పాడుతుంది."

"అయ్యో, ఆంటీనా? నేనింకా... పోన్లెండి."

"ఇంకా ఏమనుకున్నావు?"

"మోటారేమో అనుకున్నా."

"మోటారట! విన్నావటే? రేపట్నుంచి పాట బంద్."

"బంద్ చేస్తే మీరు తలుపు తోసుకుని వచ్చేస్తారు. కింద గడియ కూడా దీని కవలపిల్లేగా."

"తట్టి వస్తాలే."

"పెళ్ళయినప్పట్నుంచి ఒక్కసారి తట్టారా?"

"అంకుల్, మావారి ఫోను. ఇల్లు దొరికినట్టుంది..."

"ఎత్తకు! ఎత్తకమ్మా! పైనొకటి, కిందొకటి, రెండు గడియలూ రేపే. మా బావొచ్చి పీకినా ఊడవు. వడ్రంగి నంబరు కింద ఉంది, ఇదిగో వెళ్తున్నా."

"మోకాలు జాగ్రత్తండీ, మెట్లు!"

"...వెళ్ళారా ఆంటీ?"

"వెళ్ళారు. మెల్లగా మాట్లాడు."

"అన్నీ మీరు చెప్పినట్టే చెప్పానా?"

"అంతకన్నా బాగా చెప్పావు. ఆ మోటారు మాత్రం నేను చెప్పలేదే?"

"అప్పటికప్పుడు నోటికొచ్చేసింది. ఏమీ అనుకోకండి. నిజానికి మా చంటిది మీ పాట వింటూనే మళ్ళీ నిద్రపోతోంది. రేపట్నుంచి ఎలా అని..."

"గడియ పెట్టుకుని పాడతాలే. ఒకటి మర్చిపోయావు. కింద నా వంటింట్లో కుళాయి కారుతుందన్నానా, ఆ చుక్కల చప్పుడుకి మీ మామగారికి నిద్ర పట్టట్లేదని చెప్పాలి."

"ఆయనకి చెవుడాంటీ."

"ఆ సంగతి మా ఆయనకి తెలీదుగా."