మోకాలు నాది కదండీ

అడగాలా వద్దా మీరు? చెప్పండి. మోకాలు ఎవరిది? నాది. నొప్పి ఎవరిది? నాదే. మరి ఆ మోకాలి కోసం ఏది వదులుకోవాలో నన్నొక్క మాట అడగాలి కదండీ!

అడగరు. ఎప్పుడడిగారు గనక! ఇల్లు మారినప్పుడు అడిగారా? బస్సు నడపడం మానేసి వచ్చి, తాళాలు బల్లమీద పెట్టి "ఇక అయిపోయింది" అన్నప్పుడు అడిగారా? ఆఖరికి పోయేటప్పుడైనా... సరే, అది మీ చేతిలో లేదు. దాన్ని ఇందులో కలపను.

నవ్వకండి. పోయిన మొగుడితో సముద్రం ఒడ్డున కూర్చుని పోట్లాడే పెళ్ళాం ఇంకెవరికైనా ఉందా అనేగా? లేదు. మీకే ఆ భాగ్యం.

ఎవరూ ఏమనుకోరు లెండి. మీ హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయిగా, ఫోన్లో ఎవరినో దులిపేస్తోంది అనుకుంటారు. ఇందాక పసిబిడ్డనెత్తుకుని పోతున్న ఒకమ్మాయి నావైపు చూసి జాలిగా తలాడించింది కూడా. అందరి ఇళ్ళల్లోనూ ఇదే గోలండీ అన్నట్టు.

ఇదిగో, మీ రెండో పెళ్ళాం నా పక్కనే ఇసకలో పడుకుంది. ఎన్నేళ్ళు తిట్టాను దీన్ని! సవతి, సవతి అని. ఇప్పుడు చూడండి, సవతిని భుజాన మోసుకు తిరిగే రాత పట్టింది నాకు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోడ్డు వైపు చూసిన మనిషి, మానేశాక నేలచూపులు మొదలెట్టారు. తెల్లారకుండా లేవడం, లోహాలు వెతికే ఈ యంత్రాన్ని తగిలించుకోవడం, కింద ఉన్న ఈ పళ్ళాన్ని ఇసక మీద అటూ ఇటూ ఊపుకుంటూ పోవడం. లోపల ఇనుమో ఇత్తడో ఉంటే ఇది కూసేది, మీరు వంగేవారు. ఇల్లు ఊడ్వమంటే నడుంనొప్పి. సముద్రం ఒడ్డంతా ఊడ్వడానికి మాత్రం నొప్పీ లేదు, గిప్పీ లేదు.

పోనీ దొరికినవి ఇంట్లో ఉంచారా? నాణేలు డబ్బాలోకి, నగలు ఎవరివి వాళ్ళకి. ఆ బంగారు పన్ను గుర్తుందా? కాఫీ కొట్టు గోడ మీద కాగితం అంటించారు, పన్ను పోగొట్టుకున్నవారు వచ్చి తీసుకెళ్ళవచ్చునని. ఒకాయన వచ్చాడు. నోరు తెరవమన్నారు మీరు. తెరిస్తే పళ్ళన్నీ ఉన్నాయి, ఒక్కటి తగ్గలేదు. "మా అన్నయ్యదండీ" అన్నాడు. "అయితే మీ అన్నయ్య నోరు పట్టుకురండి" అన్నారు మీరు. నేను వంటింట్లో గోడకి ఆనుకుని నవ్వాను, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా.

ఇంతమంది ఉంగరాలు ఇళ్ళకి చేర్చిన చెయ్యి. ఆ చేతి ఉంగరమే జారిపోవాలా?

నా తప్పు లేదు. నేను దారం చుట్టాను. రోగంతో మీ వేళ్ళు పుల్లల్లా అయిపోతుంటే, ఉంగరం లోపలివైపు నీలం దారం చుట్టిచుట్టి బిగించాను. కుట్టుపనివాళ్ళ చెయ్యి ఇది, నేను వేసిన ముడి ఇంతవరకూ ఊడలేదు. ముడి ఊడలేదండీ, వేలే కరిగిపోయింది.

ఒక్కసారి సముద్రం చూపించమన్నారు. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చి, అదిగో, ఆ విరిగిన మెట్లకి ఎదురుగా వేశాను. కూర్చున్నవాళ్ళు ఊరుకున్నారా? వంగి, తడి ఇసకలో చెయ్యి ముంచి, పిల్లాడిలా పిండుకుంటూ కూర్చున్నారు. ఇంటికెళ్ళి చెయ్యి కడుగుతుంటే వేలు బోసిగా ఉంది. ఉంగరం ఉన్నచోట తెల్లటి గీత మిగిలింది.

"పోనీలే" అన్నారు.

ఎలా పోనిస్తానండీ! పెళ్ళినాడు మీ వేలికి నేను తొడిగినది. ఊళ్ళోవాళ్ళ బంగారం గాలించిన యంత్రం ఇంట్లోనే ఉంది, మనది మనకి దొరకదా? నేర్పండి, రేపే వెళ్తానన్నాను. మీరు నా మొహంలోకి కాసేపు చూశారు. నేను వినే రకం కాదని తెలుసుగా మీకు.

మంచం మీదకే తెప్పించుకున్నారు దీన్ని, దుప్పటి మీద పరుచుకుని పాఠం చెప్పారు. ఇలా ఊపాలి, నేలకి తగలకూడదు, చెవి పెట్టి వినాలి. నేను మంచం కింద చెంచా పెట్టి, తాళాలు పెట్టి ఊపాను. కూసింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

అప్పుడు మీ సంచీలోంచి ఒక రేకు చెవి తియ్యమన్నారు. కూల్‌డ్రింకు డబ్బాకి వేలుపెట్టి లాగితే ఊడొస్తుందే, అది. ఒడ్డునిండా అవేగా. దాన్ని పళ్ళెం ముందు ఆడిస్తే ఇది గీ అని అరిచింది. మీరు పైనున్న మరని మెల్లగా తిప్పారు. మళ్ళీ ఆడించారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చూశావా, చెత్త నోరు మూయించాను. అడుగడుక్కీ వంగక్కర్లేదు. నీ మోకాలు బతికిపోతుంది" అన్నారు.

నా మోకాలు! కుట్టుమిషను తొక్కితొక్కి అరిగిపోయిన మోకాలు. గచ్చు మీద పడిన సూది తియ్యబోయినా సరే, "వంగకే, వంగకే" అని పక్కగదిలోంచి కేకలేసేవారు. మీ చేతికి సెలైన్ సూది గుచ్చి అంటించిన టేపు ఉంది కదా, దాని చివర చించి ఆ మర మీద అడ్డంగా అంటించారు. బొటనవేలితో గట్టిగా అదిమారు. "ఇది కదపకు. కదిపితే చెడుతుంది" అన్నారు.

కదుపుతానా! వేదవాక్కు.

మీరు వెళ్ళిపోయాక ఆ టేపుని ఎలా చూసుకున్నానో మీకేం తెలుసు? మీ వేలిముద్ర నల్లగా దాని మీద. చినుకు పడితే ప్లాస్టిక్ సంచీ తొడిగేదాన్ని. యంత్రాన్ని తుడిచేదాన్ని, దాన్ని వదిలేసేదాన్ని. రోజూ పొద్దున్నే రావడం, ఈ మెట్ల ముందు చాళ్ళు దున్నినట్టు అటు నించి ఇటు, ఇటు నించి అటు. నాణేలు దొరికాయి. తాళంచెవులు దొరికాయి. ఎవరిదో వెండి చెంచా దొరికింది. మీ ఉంగరం మాత్రం దొరకలేదు. నాకే చేతకావట్లేదు, మీ చెవి నాకు రాలేదు అనుకున్నాను. రోజూ మీకు క్షమాపణ చెప్పుకుని ఇంటికెళ్ళేదాన్ని. సిగ్గులేకపోతే సరి!

ఇవాళే ఆఖరు కదా. అలలు రోడ్డెక్కకుండా గోడ కడుతున్నారు ఇక్కడ. లారీలు బండలు దించుతున్నాయి, ఆ చివర నించి పోసుకుంటూ వస్తున్నారు. మధ్యాహ్నానికి మెట్లు కూడా కనబడవు.

పొద్దున్న నేనొచ్చేసరికి టోపీ ఉన్నాడు. అదే, మీకు పోటీగా తిరిగేవాడు, మీరు టోపీ, టోపీ అని వెక్కిరిస్తారే, ఆయన. తనూ ఆఖరుసారి వెతుక్కోవడానికి వచ్చాడు. నా దగ్గరికొచ్చి, ఆ మర వంక చూసి ఆగిపోయాడు.

"వదినగారూ, ఇన్నాళ్ళూ ఇట్లాగేనా వెతికారు?"

"ఇట్లాగే. ఆయన పెట్టిచ్చారు."

"దీనికి రేకు చెవులు వినబడవు కదండీ."

"వినబడకూడదనే పెట్టారు."

"ఉంగరం కూడా వినబడదండీ. రేకు చెవికీ, సన్నటి బంగారు ఉంగరానికీ దీని దగ్గర ఒకటే గొంతు. ఒకదాని నోరు నొక్కితే రెండోదాని నోరూ పడిపోతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అంటే ఏమిటి మీ ఉద్దేశం? మా ఆయనకి తెలీదనా? ఆయనకి తెలీనిది మీకు తెలుసా?" అని లేచాను.

ఆయన టోపీ తీసేశాడు. బట్టతలే. జుట్టుందని నేనన్నాను, పందెం మీరే గెలిచారు.

"అన్నగారే నాకు చెప్పారండీ ఈ సంగతి. ఉంగరం కావాలంటే చెత్తంతా తవ్వాల్సిందేరా, దగ్గరి దారి లేదు అనేవారు" అన్నాడు. అని, టోపీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు పాపం. ఏదో చెప్పకూడనిది చెప్పేసినట్టు.

తెలుసన్నమాట మీకు.

మంచం మీద కూర్చుని, ఆ మర తిప్పుతున్నప్పుడు తెలుసు. టేపు అదుముతున్నప్పుడు తెలుసు. ఆ తర్వాత ఆ తెల్లటి గీతని రుద్దుకుంటూ పడుకున్నారే, అప్పుడూ తెలుసు. వద్దంటే నేను వినను. వెళ్తాను, అడుగుకో రేకు చెవి కోసం వంగుతాను. అందుకని నన్ను వెళ్ళనిచ్చారు, వంగనివ్వలేదు. ఉంగరాన్ని ఒక పక్కా, నా మోకాలిని ఒక పక్కా పెట్టి తూచుకున్నారు. ఊరందరి ఉంగరాలూ దొరకాలి, మీది మాత్రం పోయినా పర్లేదు.

ఎవరండీ మిమ్మల్ని తూచమన్నది? మోకాలు రెండుంటాయి మనిషికి. అలాంటి ఉంగరం రెండోది ఉందా?

ఆఁ? ఏమిటా గొణుగుడు? పోనీలే అనకండి మళ్ళీ. ఆ మాట వింటే నాకు...

పీకేశాను. అవును, ఆ టేపు. గోటితో మెల్లగా అంచు లేపి పీకాను. ఏడుపొచ్చింది. టోపీ అటు తిరిగి సముద్రం చూశాడు. టేపుని జేబురుమాల్లో మడిచి పెట్టుకున్నాను కానీ, జిగురంతా పోయింది, ఇంక దేనికీ అంటుకోదు.

మర వెనక్కి తిప్పి ఊపానో లేదో, అమ్మో! ఇసకంతా అరుపులు. ఇన్నాళ్ళూ నేను తిరిగింది దీని మీదేనా అనిపించింది. ఎక్కడ ఊపితే అక్కడ గీ, ఇక్కడ ఊపితే ఇక్కడ గీ. టోపీ ఆ చివర నించి, నేను ఈ చివర నించి తవ్వుకుంటూ వచ్చాం. వంగాను. కూచున్నాను. మోకాళ్ళ మీద పాకాను. ఇదిగో, సంచీ చూడండి, మోత చూడండి. అన్నీ రేకు చెవులే. ఊళ్ళోవాళ్ళ చెవులన్నీ మన దగ్గరే ఉన్నాయి, ఇంక మనమేం మాట్లాడుకున్నా ఎవరికీ వినబడదు.

నవ్వారా? నవ్వండి. చాలాకాలమైంది.

ఒకటి చెప్పాలి. కోప్పడకూడదు.

లారీ దగ్గర మేస్త్రీ ఈల వేశాడు, ఇక లేవండమ్మా అని. టోపీ అప్పటికే వెళ్ళిపోయాడు. నేను లేస్తూ లేస్తూ ఒక్క ఊపు ఊపాను. మెట్లకి ఎదురుగా, మీ కుర్చీ వేసిన చోట.

పలికింది.

గట్టిగా కాదు. మీరు పక్కగదిలోంచి నన్ను పిలిచినట్టు. ఇసక జల్లించే చిల్లుల పార గుచ్చాను. ఇసక కాస్త లేచింది కూడా.

అంతే, చెయ్యి ఆగిపోయింది.

పొద్దుట్నించీ పలికినవన్నీ ఏమిటి? రేకు చెవులే కదా. ఇదీ అదేనేమో. తవ్వితే తేలిపోతుంది. తేలిపోయాక నేనిక్కడి నించి ఏం పట్టుకుని ఇంటికెళ్ళనండీ?

పార పీకేశాను. గుంటని కాలితో పూడ్చేశాను. మేస్త్రీకి చెయ్యి ఊపాను, పోసుకోమని.

పోస్తున్నారు. వినబడుతోందిగా? ఆ పెద్దది, ఇప్పుడు పడిందే, సరిగ్గా దాని మీదే.

మీరు తెలిసీ వదిలేశారు, నేను తెలుసుకోకుండా వదిలేశాను. చెల్లుకి చెల్లు.

పదండి, ఎండెక్కుతోంది. నా సవతమ్మని కూడా లేపుకోవాలి. ఆఁ, మోకాలా? ఇదిగో, గుమ్మడికాయంత అయింది. రాత్రికి ఇంకా వాస్తుంది. వాయనివ్వండి. వంగకే అని అరవడానికి మీరేమైనా ఉన్నారా?